పగడపు తొట్టెలో ఇసుక: కడగాలా? కాపాడాలా?

శుభ్రత అనగానే మనకు ముందు తోచేది నీళ్ళూ, చీపురూ. గిన్నె మాసితే తోముతాం, బట్ట మాసితే ఉతుకుతాం, వాకిట్లో చెత్త పడితే ఊడ్చి పారేస్తాం. మురికి ఎంత తొందరగా పోతే అంత మంచిది. ఇంటికి సంబంధించినంతవరకు ఈ సూత్రానికి తిరుగులేదు. కాని ప్రాణమున్న చోట ఇదే సూత్రాన్ని గుడ్డిగా పాటిస్తే ఒక్కొక్కప్పుడు మురికితోపాటు ప్రాణం కూడా పోతుంది. ఇందుకు నాకు తెలిసినంతలో మంచి ఉదాహరణ, సముద్రపు నీటితో నింపి పగడాలను పెంచే గాజు తొట్టె అడుగున నాలుగు వేళ్ళ మందాన పరచి ఉండే ఇసుక.

జంతుశాస్త్రం చదివే మిత్రులకు ఇందులో కొంత తెలిసిన విషయమే. తెలుగో, అర్థశాస్త్రమో చదివే మిత్రులకోసం మొదటినుంచీ చెబుతాను. అధ్యాపకులు మన్నించాలి.

పగడపు తొట్టె అంటే

మామూలు రంగుచేపల తొట్టె మనందరం చూసిందే. పగడపు తొట్టె దానికంటే చాలా పేచీకోరు. అందులోని నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుండాలి. ఉష్ణోగ్రత 25, 26 సెంటిగ్రేడ్ డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. పగడం చూడటానికి మొక్కలా ఉన్నా నిజానికి జంతువు. అయితే దాని కణాలలో అతి సూక్ష్మమైన శైవలాలు కాపురముండి, వెలుతురు సాయంతో ఆహారం తయారుచేసి దానికి కూడా పెడతాయి. కాబట్టి పైన బలమైన దీపాలు కావాలి. నీరు ఎప్పుడూ కదులుతూ ఉండాలి గనుక పంపులు కావాలి. మధ్యలో సూక్ష్మజీవులతో నిండిన బోలు రాళ్ళు, వాటిమీద పగడాలు, చుట్టూ చేపలు, అడుగున తెల్లని ఇసుక.

చూస్తే సముద్రాన్ని ఒక ముక్క కోసి తెచ్చినట్లుంటుంది. కాని ఒక పెద్ద తేడా ఉంది. సముద్రంలో చేప విసర్జించినదాన్ని అలలూ ప్రవాహాలూ ఎక్కడికో తీసుకుపోతాయి. 300 లీటర్ల తొట్టెలో ఆ ‘ఎక్కడికో’ అనేది లేదు. తినగా మిగిలిన మేత, చేపల విసర్జన, రాలిన నాచు, రాళ్ళ సందున చచ్చిన నత్త, అన్నీ అక్కడే ఉంటాయి. వాటిలో బరువైనవన్నీ చివరికి అడుగుకే చేరతాయి. మా ఊరి భాషలో చెప్పాలంటే ఇది మురుగు కాలువ లేని మడి.

కొత్తలో ఆ ఇసుక పంచదారలా మెరుస్తుంది. కొన్ని వారాలకి గోధుమరంగు తిరుగుతుంది. నెలలు గడిచేకొద్దీ ఒకచోట ఎర్రని జిగురు పొర, ఇంకొకచోట గాజు పక్కన నల్లని చార కనిపిస్తాయి. అప్పుడు తొట్టె పెట్టుకున్నాయనకి రెండు ఆలోచనలు వస్తాయి. ఒకటి, ఇసుకనంతా తోడి కుళాయి కింద శుభ్రంగా కడిగి మళ్ళీ పోద్దామని. రెండోది, ప్రకృతే చూసుకుంటుంది, మనం చెయ్యి పెట్టొద్దని. ఈ రెండింటిలో ఏది చేసినా తొట్టె చచ్చే ప్రమాదం ఉంది. ఎందుకో చూద్దాం.

ఇసుకంతా ఒకటే ఇసుక కాదు

మన గోదావరి, కృష్ణ ఇసుక చాలావరకు క్వార్ట్జ్, అంటే సిలికా. విశాఖ, భీమిలి తీరంలోని నల్ల ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలుంటాయి. పగడపు దీవుల ఇసుక ఈ జాతిది కాదు. అది పగడాల ముక్కలు, గవ్వల తునకలు, హాలిమెడా వంటి సున్నపు నాచుల పెంకులు అరిగి ఏర్పడిన కాల్షియం కార్బనేట్. అందులో ముఖ్యమైన స్ఫటిక రూపాన్ని అరగొనైట్ అంటారు. ప్యారట్ చేప అని ఒకటుంది. చిలుకముక్కులాంటి పళ్ళతో రాతిని గీకి తిని, అరగని సున్నాన్ని ఇసుకగా విసర్జిస్తుంది. పెద్ద చేప అయితే ఏడాదికి వందల కిలోల ఇసుక తయారుచేస్తుంది. లక్షద్వీప్ తీరంలో మనం మెచ్చుకునే తెల్లని ఇసుకలో కొంత భాగం చేప కడుపులోంచి వచ్చిందే!

ఏ ఇసుకో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. చిటికెడు ఇసుక మీద నాలుగు చుక్కల వెనిగర్ వేస్తే చాలు. సున్నపు ఇసుక బుసబుస పొంగుతుంది. క్వార్ట్జ్ ఇసుకలో గవ్వల తునకలేవైనా ఉంటే అవి పొంగవలసిందే గాని మిగతా దాంట్లో చలనం ఉండదు. పగడపు తొట్టెకు సాధారణంగా సున్నపు ఇసుకనే వాడతారు.

రేణువు పరిమాణం కూడా ముఖ్యమే. ఒకటి, రెండు మిల్లీమీటర్ల రేణువు చాలామందికి అనుకూలంగా ఉంటుంది. పిండిలాంటి ఇసుక పంపు తాకిడికి లేచి పగడాల మీద పడుతుంది. శనగగింజంత గులకరాళ్ళయితే సందుల్లోకి మేత జారిపోయి అక్కడే కుళ్ళుతుంది, ఏ జీవీ దాన్ని అందుకోలేదు.

ఇసుకలో మూడు పొరలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పైకి ఒకే తీరుగా కనిపించే ఇసుకలో రసాయనికంగా మూడు పొరలుంటాయి.

పై పొరలో ప్రాణవాయువు దండిగా ఉంటుంది. ఎంత లోతువరకు అన్నది రేణువు పరిమాణాన్ని, నీటి కదలికను బట్టి మారుతుంది. సన్న ఇసుకలో కొన్ని మిల్లీమీటర్లు దాటితేనే అది తగ్గిపోవచ్చు. చేపలు విసర్జించే అమ్మోనియా విషం. పైగా సముద్రపు నీరు కొంచెం క్షారగుణం కలది, దాని పీహెచ్ 8 పైనే. ఆ స్థితిలో అమ్మోనియా మంచినీటిలోకంటే ఎక్కువ విషంగా పనిచేస్తుంది. ఈ పై పొరలో రేణువులను అంటిపెట్టుకున్న సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. దీన్నే నత్రీకరణం అంటాం. 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ ఈ బాక్టీరియాను వేరుచేసి చూపించాడు.

ఆ తర్వాత నూరేళ్ళకు పైగా ఈ పని బాక్టీరియా సొత్తే అనుకున్నారు. 2005లో అమెరికా శాస్త్రజ్ఞులు బాక్టీరియా కానే కాని, ఆర్కియా అనే వేరే వర్గానికి చెందిన జీవి ఒకటి అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చడం కనుగొన్నారు. దాని పేరు నైట్రోసోప్యుమిలస్ మారిటిమస్. ఇలాంటి జీవులు మహాసముద్రాలన్నిటా అసంఖ్యాకంగా ఉన్నాయని తరువాత తేలింది. ఇంతకీ ఆ మొదటి జీవి దొరికింది నడిసముద్రంలో కాదు. సియాటిల్ నగరపు అక్వేరియంలో, ఒక ఉష్ణమండల సముద్రజలపు తొట్టె అడుగు రాళ్ళలో! మనం మురికి అని తీసి పారబోయబోయే దాంట్లో ఏముందో అన్న ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు లేదు.

రెండో పొరలో ప్రాణవాయువు కొరతగా ఉంటుంది. అక్కడి బాక్టీరియా బతకడానికి నైట్రేట్‌లోని ప్రాణవాయువును లాక్కుంటాయి. మిగిలిన నత్రజని వాయువుగా మారి చిన్న బుడగలై పైకి పోతుంది. ఇది వినత్రీకరణం. వరి పండించే ఇంట్లో పుట్టినవాడికి ఇది కొత్త సంగతి కాదు. నిలవనీటిలో చల్లిన యూరియాలో కొంత పైరుకు అందకుండా పోతుందని మనకు తెలుసు. పై పొరలో నైట్రేట్‌గా మారి, అడుగు బురదలోకి దిగి, అక్కడ వాయువై గాలిలో కలవడం అందుకు ఒక కారణం. రైతుకి డబ్బు నష్టం చేసే ఈ పనే పగడపు తొట్టెకి ప్రాణం పోస్తుంది. మురుగు కాలువ లేని మడికి ఇదే మురుగు కాలువ.

మూడో పొరలో ప్రాణవాయువూ లేదు, నైట్రేటూ లేదు. అక్కడి బాక్టీరియా సల్ఫేట్ మీద పడతాయి. సముద్రపు నీటిలో సల్ఫేట్‌కి కొదవలేదు, లీటరుకి సుమారు 2.7 గ్రాములుంటుంది. ఆ పనిలో పుట్టేది హైడ్రోజన్ సల్ఫైడ్. దాని సంగతి కాస్సేపట్లో చూద్దాం.

ఇప్పుడు ఇసుకని కుళాయి కింద కడిగితే ఏమవుతుందో ఆలోచించండి. మంచినీరు తగలగానే ద్రవాభిసరణం వల్ల ఉప్పునీటి జీవుల కణాలు ఉబ్బి పగులుతాయి. నీళ్ళలో క్లోరిన్ ఉంటే మిగిలినవాటి పని అదే చూస్తుంది. కంటికి ఇసుక ధగధగ మెరుస్తుంది. కాని అమ్మోనియాను మార్చే పనివాళ్ళలో పెద్ద భాగం పోయింది. చచ్చిన పురుగుల కళేబరాలు రేణువుల మధ్య మిగిలాయి. తొట్టెలో చేపలు మాత్రం ఎప్పటిలాగే విసర్జిస్తూనే ఉంటాయి. అమ్మోనియా పెరిగి రెండు మూడు రోజుల్లో పగడాలు ముడుచుకుపోతే ‘ఇంత శుభ్రంగా ఉంచాను గదా’ అని యజమాని ఆశ్చర్యపోతాడు.

ఎంత లోతు? శాస్త్రజ్ఞుల వాదం

అడుగున ఇసుక ఎంత ఉండాలన్న విషయంలో అరవై ఏళ్ళుగా వాదం నడుస్తోంది. 1961లో ఇండోనీసియాకి చెందిన లీ చిన్ ఎంగ్ ఒక కొత్త మాట చెప్పాడు. సముద్రం నుంచి తెచ్చిన సజీవమైన రాళ్ళూ, ఇసుకా, కాస్త గాలి బుడగలూ ఉంటే యంత్రపు వడపోతలు అక్కర్లేదన్నాడు. 1989లో మొనాకోలో జాన్ జోబేర్ అనే ఆచార్యుడు తన పద్ధతిని ప్రచురించాడు. తొట్టె అడుగున చిల్లుల పలక పెట్టి, దాని కింద నీటికి ఖాళీ చోటు వదిలి, పైన మందంగా పగడపు ఇసుక పరిచాడు. అదే నీరు ఆ ఇసుకలోనే నత్రీకరణం, వినత్రీకరణం రెండూ పొందుతుందన్నమాట. ఈ పద్ధతి దేశదేశాల్లో పేరు తెచ్చుకుంది. 1990ల్లో అమెరికాలో రాన్ షిమెక్ ఖాళీ చోటు అవసరం లేదు, పదీ పన్నెండు సెంటీమీటర్ల సన్న ఇసుక, అందులో నానారకాల పురుగులు ఉంటే చాలన్నాడు. 2005లో టూనెన్, వీ అనే ఇద్దరు పరిశోధకులు పక్కపక్కన తొట్టెలు పెట్టి పోల్చి చూశారు. ఖాళీ చోటు ఉన్నందువల్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు.

అసలు ఇసుకే వద్దనే వర్గం కూడా ఉంది. నేల నున్నగా ఉంటే మురికి కనిపించగానే తీసెయ్యొచ్చు, పంపులు ఎంత గట్టిగా పెట్టినా దుమ్ము లేవదు. రాళ్ళలోని సూక్ష్మజీవులు సరిపడా ఉంటే ఈ పద్ధతీ నడుస్తుంది. పగడాల పరిశోధన తొట్టెల్లో దీన్ని వాడతారు. కాని రాత్రయితే ఇసుకలో దూరి నిద్రపోయే చేపలకూ, బొరియలు తవ్వుకుని బతికే రొయ్యలకూ అలాంటి తొట్టెలో ఇల్లు లేదు. కాబట్టి ఇసుక వెయ్యాలా వద్దా అన్నది ఎవరిని పెంచుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. వేశాక మాత్రం దాని బాధ్యత మనదే.

కుళ్ళిన కోడిగుడ్డు వాసన

ఇక హైడ్రోజన్ సల్ఫైడ్. మా డెల్టాలో బరువు నేలల్లో, మురుగు పోయే దారి లేక నీరు ఎక్కువకాలం నిలిచిపోయిన వరిచేలల్లో ఒక దోషం వస్తుంది. పైరు ఎదగదు. చేలో కాలు పెడితే బుడబుడమని బుడగలు లేస్తాయి, వాటి వెంట కంపు. మొక్కను పీకి చూస్తే వేళ్ళు నల్లబడి ఉంటాయి. వ్యవసాయ శాస్త్రజ్ఞులు దీన్ని సల్ఫైడ్ దుష్ప్రభావం అంటారు. దీనికి పురుగుమందు అక్కర్లేదు. మురుగునీరు తీసేసి, సన్నని నెర్రెలిచ్చేదాకా చేను ఆరగట్టి, మళ్ళీ కొత్తనీరు పెట్టాలి. మా నాన్నగారికి హైడ్రోజన్ సల్ఫైడ్ పేరు తెలియదు. ‘చేనుకి ఊపిరాడట్లేదురా’ అంటారు. రసాయనశాస్త్రం చెప్పేదీ అదే.

తొట్టె ఇసుకలో నల్లబడిన చోట జరుగుతున్నదీ ఇదే. అక్కడ పుట్టిన సల్ఫైడ్ ఇసుకలోని ఇనుముతో కలిసి నల్లని ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. అయితే చేనుని ఆరగట్టినట్లు తొట్టెను ఆరగట్టలేం గదా! అందుచేత ఇక్కడ విధానం వేరు. లోతైన ఇసుక పాన్పులో అడుగున నల్లని పొర కదలకుండా ఉన్నంతకాలం పెద్ద ప్రమాదం లేదు. కింద పుట్టిన సల్ఫైడ్ పైకి వచ్చేలోపల ప్రాణవాయువు తగిలి మళ్ళీ సల్ఫేట్‌గా మారిపోతుంది. ప్రమాదమల్లా ఒక్కసారిగా కెలకడంలో ఉంది. ఏళ్ళ తరబడి ముట్టని ఇసుకని ఒక ఆదివారం ఉత్సాహంగా అడుగుదాకా తిరగవేస్తే ఆ విషమూ, దానితో నిలవున్న కుళ్ళూ ఒక్కమాటున నీటిలో కలుస్తాయి, నీటిలోని ప్రాణవాయువు కూడా పడిపోతుంది. తెల్లారేసరికి చేపలు తేలవచ్చు.

ఇసుకలోని సేద్యగాళ్ళు

డార్విన్ మహాశయుడు 1881లో వానపాముల మీద ఒక పుస్తకమే రాశాడు. నాగలి పుట్టకముందే ఎర్రలు నేలని దున్నుతున్నాయని అందులో చూపించాడు. సముద్రపు ఇసుకకి కూడా తన సేద్యగాళ్ళు ఉన్నారు. మన తీరంలోనే సాయంత్రంపూట తడి ఇసుక మీద చూడండి. గోరంత పీతలు ఇసుకని నోటితో జల్లెడ పట్టి, తినగలిగింది తిని, మిగతాది చిన్న చిన్న ఉండలు చేసి పేర్చి పోతాయి. తొట్టెలోనూ అదే పని.

నస్సారియస్ అనే చిన్న నత్త రోజంతా ఇసుకలో పూడుకుని, తొండంలాంటి గొట్టాన్ని మాత్రం పైకి పెట్టి ఉంటుంది. మేత వాసన తగిలిందా, నేల పగిలినట్లు నలుమూలలనుంచి లేచి వస్తుంది. అలా పూడుకోవడంలో, లేవడంలో పై పొర గుల్లబారుతుంది. మనం పాఠ్యపుస్తకంలో చదివే నీరిస్‌కి చుట్టాలైన ముళ్ళపురుగులు రేణువుల సందుల్లో తిరుగుతూ కుళ్ళుని తింటాయి. వీటిని చూసి అసహ్యపడి ఏరెయ్యడం ఎర్రల్ని ఏరేసి ఎరువు కొనుక్కోవడం లాంటిది.

కొన్ని గోబీ చేపలు నోటినిండా ఇసుక తీసుకుని మొప్పల్లోంచి జల్లు కొడతాయి. వీటివల్ల ఇసుక పాలలా తెల్లగా ఉంటుంది. కాని అవి తినేది మురికిని కాదు, ఆ ఇసుకలోని చిన్న చిన్న పురుగుల్ని. చిన్న తొట్టెలో అవి కాస్తా అయిపోతే చేప చిక్కి చస్తుంది. ఇసుకలో తిరిగే నక్షత్రపు చేపదీ ఇదే కథ. ఉపకారం చేసే జీవుల్ని తినేసి, చివరికి తనూ ఆకలితో పోతుంది. ఊళ్ళో మేత ఎంతుందో చూసుకోకుండా గేదెల్ని కొన్నట్లన్నమాట.

సముద్ర దోసకాయ ఇసుకని మింగి, దానికంటిన సేంద్రియ పదార్థాన్ని అరిగించుకుని, శుభ్రమైన ఇసుకని విడుస్తుంది. ఈ పనిలో దాన్ని మించింది లేదు. అయితే బెదిరినా, చచ్చినా కొన్ని జాతులు వదిలే విషం తొట్టెలోని చేపల్ని చంపగలదు. ఇక మన దేశంలో దాని జోలికి పోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పెద్దపులి ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే 2001లో సముద్ర దోసకాయలన్నిటినీ, దిబ్బలు కట్టే రాతిపగడాలనూ చేర్చారు. వీటిని మన సముద్రంలోంచి పట్టి తేవడం నేరం. కాబట్టి సరదాకొద్దీ లక్షద్వీప్ నుంచో, మన్నారు సింధుశాఖ నుంచో ఒక పగడపు ముక్క తెచ్చుకుందామనుకునే మిత్రులు ఆ ఊహ మానుకోవాలి.

శుభ్రం చేసే పద్ధతి

ఇక చెయ్యవలసిన పని. ఇది పలచని పాన్పుకి, అంటే మూడు, నాలుగు సెంటీమీటర్ల ఇసుకకి వర్తిస్తుంది.

1. కొత్తనీరు ముందురోజే కలిపి ఉంచుకోవాలి. 300 లీటర్ల తొట్టెలో పదో వంతు మార్చాలంటే 30 లీటర్ల శుద్ధజలానికి కిలోకి కొంచెం పైగా సముద్రలవణ మిశ్రమం పడుతుంది. ఇది వంట ఉప్పు కాదు. కాల్షియం, మెగ్నీషియం వంటివన్నీ ఉన్న మిశ్రమం. వేడి, ఉప్పదనం రెండూ తొట్టెలోని నీటితో సరిపోవాలి.

2. పంపులు ఆపాలి. లేకపోతే లేచిన మురికి పగడాల మీదికి పోతుంది.

3. వెడల్పు మూతి ఉన్న సైఫన్ గొట్టం తీసుకోవాలి. పీపాలోంచి డీజిల్ దించే సూత్రమే. మూతిని ఇసుకలోకి నిలువుగా దించితే రేణువులు గొట్టంలో సగందాకా లేచి గిరగిర తిరుగుతాయి. మురికి తేలిక గనక పైకి పోతుంది, ఇసుక బరువు గనక జారిపోతుంది. రేణువులు మరీ పైకి వస్తుంటే గొట్టాన్ని వేళ్ళతో నొక్కి ధార తగ్గించాలి. కళ్ళంలో తూర్పారబట్టేటప్పుడు గాలి చేసే పని ఇక్కడ నీరు చేస్తుంది.

4. ఒక్కసారి నేలలో నాలుగో వంతే శుభ్రం చెయ్యాలి. వారానికొకసారి నీరు మారిస్తే నెలకి మొత్తం నేల ఒక చుట్టు పూర్తవుతుంది. ముట్టని మూడు వంతుల్లోని జీవులు శుభ్రం చేసిన చోటుకి మళ్ళీ విస్తరిస్తాయి. అసలు కిటుకంతా ఈ నాలుగో వంతులోనే ఉంది.

5. రాళ్ళ కిందా, వెనకా మురికి ఎక్కువ పేరుకుంటుంది. రాళ్ళను ఇసుక మీద కాక నేరుగా తొట్టె అడుగు మీద నిలబెడితే కింద తవ్వే జీవులవల్ల అవి ఒరిగిపోవు.

6. పాన్పు పది సెంటీమీటర్లు దాటి, ఏళ్ళుగా ముట్టకుండా ఉంటే గొట్టాన్ని లోపలికి దించకూడదు. పైపైన ఒక సెంటీమీటరు తుడిచి మిగతాది పురుగులకి వదిలెయ్యాలి. అలాంటి పాత ఇసుక తీసేయక తప్పకపోతే చేపల్నీ, పగడాల్నీ ముందు వేరే తొట్టెకి మార్చాలి.

వీటన్నిటికంటే ముందుది మేత. మేత అతిగా వేసి గొట్టంతో తీసెయ్యడం కంటే తక్కువ వెయ్యడం తేలిక. మా వైపు రొయ్యల చెరువుల్లో చెక్‌ట్రేలు పెట్టి, తినగా ఎంత మిగిలిందో చూసి మర్నాటి మేత నిర్ణయిస్తారు. తొట్టెకైనా ఆ క్రమశిక్షణే కావాలి.

రంగులు చెప్పే మాట

ఇసుక తన పరిస్థితిని రంగుతో చెబుతుంది. కొత్త తొట్టెలో మొదటి వారాల్లో కనిపించే గోధుమరంగు పొడి డయాటమ్‌లు. వీటి పెంకు సిలికాతో తయారవుతుంది. నీటిలోని సిలికా తగ్గేకొద్దీ ఇవి చాలావరకు వాటంతటవే పోతాయి. ఎర్రగా, ఊదాగా జిగురు దుప్పటిలా పరుచుకుని, మధ్యాహ్నానికి బుడగలతో ఉబ్బేవి సయనోబాక్టీరియా. నీటి కదలిక చాలని చోట, కుళ్ళు పేరుకున్న చోట ఇవి బాగా పెరుగుతాయి. వీటిని పీల్చి తీసేసి, పంపు మూతి అటు తిప్పి, మేత తగ్గించాలి. గాజు పక్కన సన్నని పచ్చని చార వెలుతురు తగలడంవల్ల వచ్చిన నాచు, భయం లేదు. ఇసుక గడ్డకట్టి పెచ్చులుగా లేస్తుంటే నీటిలో సున్నం, క్షారగుణం అతిగా కలుపుతున్నారేమో చూసుకోవాలి. నల్లని మచ్చ పైకి పాకుతూ, దానితోపాటు వాసన కూడా ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు. కొద్దికొద్దిగా, కొన్ని వారాలమీద దాన్ని తగ్గించుకుంటూ రావాలి.

మనకెందుకు ఈ గొడవ?

పగడాల తొట్టె కలవారి ముచ్చట గదా, మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. రెండు కారణాలు చెబుతాను.

మొదటిది, సముద్రంలో పగడాల పరిస్థితి బాగా లేదు. నీరు వేడెక్కినప్పుడు పగడం తనలోని శైవలాలను వెళ్ళగొట్టి తెల్లబడుతుంది. ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి నాలుగో విపత్తు నడుస్తోందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో 2014లో రాతిపగడాలకు ఒక వ్యాధి కనిపించి తీరమంతా పాకింది. వ్యాధి ఇంకా సోకని పగడాలను సముద్రంలోంచి తీసి దేశంలోని జంతుప్రదర్శనశాలల్లో, అక్వేరియంలలో భద్రపరచారు. అంటే కొన్ని పగడాలకు ఇప్పుడు తొట్టెయే ఆశ్రయం. విత్తనపు గాదెలా వాటిని కాపాడేవారికి నీటి మీదా, అడుగు మీదా పట్టు ఉండితీరాలి. అక్కడ పొరపాటు జరిగితే పోయేది ఒకరి సరదా కాదు.

రెండోది మన ఇంటి విషయం. నెల్లూరులో, పశ్చిమ గోదావరిలో రొయ్యల చెరువు పెట్టిన ప్రతి రైతూ ఇదే అడుగుతో తంటాలు పడుతున్నాడు. అదే మిగిలిన మేత, అదే నల్లమట్టి, అదే కంపు. రొయ్య అడుగునే తిరిగే జీవి గనక దెబ్బ ముందు దానికే తగులుతుంది. పట్టుబడి అయ్యాక చెరువుని ఎండగట్టి, నల్లమట్టి తీసి, సున్నం చల్లే అలవాటు వెనక ఉన్నది ఈ మూడు పొరల శాస్త్రమే. చేలో, చెరువులో, గాజు తొట్టెలో పనిచేసే సూత్రం ఒకటే అయినప్పుడు ఒకచోట నేర్చుకున్నది మరొకచోట పనికిరాకుండా పోదు. మన కళాశాలలో నాలాగే పల్లెలనుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. బురద తొక్కి పెరిగాం గనక సూక్ష్మజీవశాస్త్రం మనకు అందదనుకోవడం సరికాదు. బురద తొక్కినవాడికే అది ముందు అర్థం కావాలి.

మిత్రులారా! ఈసారి ఎక్కడైనా ప్రదర్శనశాలలో పగడపు తొట్టె ముందు నిలబడే అవకాశం వస్తే రంగురంగుల చేపల్ని తరువాత చూద్దురుగాని, ముందు వంగి అడుగు చూడండి. ఇసుకలో చిన్న చిన్న బొరియలు, పైకి లేచిన ఒకటి రెండు నత్త తొండాలు, రేణువుల మధ్య అప్పుడప్పుడూ లేచే చిన్న బుడగ కనిపిస్తే ఆ తొట్టెను చూసుకునేవారికి పని తెలుసునన్నమాట.